టీచరమ్మగారి పాత పుస్తకం



ఈవేళ పుస్తకాల సంగతి చెబుదామనుకుంటున్నాను. వంటావార్పూ ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళకి పుస్తకాల గొడవేమిటమ్మా అంటారేమో! ఓపిక పట్టండి. ఇందులో పిండి ఉంది, నూనె ఉంది, నీళ్ళ కడవ కూడా ఉంది.

అనంతపురంలో మా పక్కింట్లో ఒక పెద్దామె ఉన్నారు. ఎనభై దాటాయి. మిషన్ బళ్ళో చాలా ఏళ్ళు చదువు చెప్పారు కాబట్టి వీధివీధంతా ఆమెను టీచరమ్మగారనే పిలుస్తుంది. ఇప్పుడు చూపు బాగా మందగించింది. సాయంకాలం నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చునే ఆ గంటా గంటన్నరలో నేను ఆమెకి బైబిలు చదివి వినిపిస్తుంటాను. మాది రోజూ దేవుడి గూట్లో దీపం పెట్టుకునే ఇల్లు. అయినా ఇది మాకిద్దరికీ ఎప్పుడూ అడ్డు కాలేదు. నేను చదువుకున్నదీ మిషన్ బళ్ళోనే, పదో తరగతి వరకు.

కిందటి క్రిస్మస్ సెలవులకు టీచరమ్మగారి మనవరాలు బెంగుళూరు నుంచి వచ్చింది. ఇంగ్లీషు చదువు పిల్ల. అవ్వ చేతిలోని ఆ లావుపాటి నల్ల అట్ట పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "అవ్వా, ఈ తెలుగు ఎవరికర్థమవుతుంది? నా దగ్గర కొత్త ఇంగ్లీషు బైబిలు ఉంది, హాయిగా ఉంటుంది, అది చదువుతా విను" అంది. అందులో తప్పేమీ లేదు. కానీ పెద్దామె మొహం చిన్నబోయింది. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు నన్ను పిలిచి, "నన్ను మట్టిలో పెట్టే పొద్దు ఈ పిల్లే ఈ పుస్తకంలో నుంచి చదవాల అనుకుంటిని. అది అక్షరాలు కూడబలుక్కుంటా ఉంది కదమ్మా" అన్నారు. నాకేం చెప్పాలో తోచలేదు.

ఆ సాయంకాలమే ముగ్గురం కూర్చుని ఒక పని చేశాం. టీచరమ్మగారి ఇంట్లో మూడు బైబిళ్ళున్నాయి. పాత తెలుగుది ఒకటి, ఆమె ట్రైనింగు నాటి పాత ఇంగ్లీషుది ఒకటి, మనవరాలు తెచ్చిన కొత్త ఇంగ్లీషుది ఒకటి. ఒకే కథను మూడింట్లోనూ చదివి చూద్దామన్నాను. ఏ కథ చదవాలో టీచరమ్మగారే చెప్పారు. కరువు కథ. అనంతపురంలో అంతకంటే తగిన కథ ఏముంటుంది చెప్పండి! సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు ఉండే నేల మనది. 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర చెంబు పట్టుకుని నిలబడింది ఆమెకి ఇప్పటికీ గుర్తే.

కథ ఇది. వానల్లేక వాగులెండిపోయిన కాలంలో ఏలీయా అనే ప్రవక్త సారెపతు అనే ఊరికి వస్తాడు. ఊరి గవిని దగ్గర ఒక విధవరాలు పుల్లలేరుకుంటూ ఉంటుంది. ముందు తాగడానికి నీళ్ళడుగుతాడు, తరువాత తినడానికి ఏమైనా పెట్టమంటాడు. ఇంట్లో పిడికెడు పిండి, కొంచెం నూనె తప్ప మరేమీ లేదనీ, అది వండుకుని తానూ కొడుకూ తిని ఇక చావడమేననీ ఆమె చెబుతుంది. ముందు నాకు పెట్టు, వాన కురిసేదాకా ఆ పిండీ నూనే అయిపోవు అంటాడాయన. ఆమె పెడుతుంది. ఆయన అన్నట్టే జరుగుతుంది.

మనవరాలు ముందుగా అవ్వగారి పాత ఇంగ్లీషు పుస్తకం తీసింది. అది 1611లో ఇంగ్లండు రాజు జేమ్స్ ఆజ్ఞ మీద నలభై ఏడుగురు పండితులు కూర్చుని చేసిన తర్జుమా. మొదటి నాలుగు వాక్యాల్లోనే పిల్ల ఆగిపోయింది. పిండి అన్నచోట అందులో "మీల్" అని ఉంది. "పీపాలో భోజనమేమిటి ఆంటీ?" అని నన్నడిగింది. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఎనిమిదో తరగతిలో నేనూ అలాగే అనుకున్నాను. పీపా మూత తీస్తే లోపల అన్నం, కూర, సాంబారు ఉన్నట్టు ఊహించుకున్నాను! ఆ కాలంలో మీల్ అంటే విసిరిన పిండి. అలాగే "కార్న్" అంటే ఏ గింజ అయినా సరే, "మీట్" అంటే ఏ తిండి అయినా సరే. మాట అదే, అర్థమే కాలం గడిచేకొద్దీ పక్కకు జరిగిపోయింది.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేవి ఇలాంటి మాటలే. బొత్తిగా తెలియని పాతమాటైతే నిఘంటువు తీస్తాం. తెలిసిన మాటే అయితే తీయం, తప్పుగానే అర్థం చేసుకుని ముందుకు పోతాం. "సఫర్" అంటే ఆనాడు రానివ్వండి, అడ్డు పెట్టకండి అని. చిన్నపిల్లల్ని నా దగ్గరకు రానివ్వండి అని యేసు అన్నచోట ఆ మాట ఉంటే, పిల్లలు బాధపడాలంటున్నాడేమిటని ఈ పిల్ల బెదిరిపోయింది. "లెట్" అనే మాట కొన్నిచోట్ల పూర్తిగా తలకిందులు. ఇప్పుడు పోనివ్వడం అని అర్థం, అప్పుడు ఆపడం అని కూడా. "ప్రివెంట్" అంటే అప్పుడు ముందుగా పోవడం, ఇప్పుడు అడ్డుకోవడం. ఈ చివరి మాట సమాధుల దగ్గర చదివే పౌలు పత్రికలోనే వస్తుంది. ప్రభువు వచ్చేనాటికి బతికున్నవాళ్ళు చనిపోయినవాళ్ళకంటే ముందుగా పోయి ఆయన్ను చేరుకోరని అక్కడి భావం. నేటి ఇంగ్లీషు తెలిసిన పిల్ల పాత పుస్తకంలో చదివితే చనిపోయినవాళ్ళను ఎవరో అడ్డగిస్తున్నారనుకుంటుంది. టీచరమ్మగారి తెలుగు పుస్తకంలో అదే చోట "ముందుగా" అని తేటగా ఉంది. అది విని పెద్దామె, "చూస్తివా, నా తెలుగే నయం" అని మొదటిసారి నవ్వారు.

అసలీ ఇంగ్లీషు తర్జుమాకూ పెద్ద చరిత్రే ఉంది. జేమ్స్ రాజు పండితులు చాలావరకు విలియం టిండేల్ వేసిన దారినే నడిచారు. ఆయన 1526లో కొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. పొలం దున్నే కుర్రవాడికి కూడా అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. దేవుడి మాట సామాన్యుల భాషలో ఉండరాదనుకున్న పెద్దలు 1536లో ఆయన్ను మెడ బిగించి చంపి, ఆపైన కాల్చేశారు. వాడుక మాట రాసినందుకు అంత శిక్ష! ఆయన రాసిన వాడుక భాషే మూడు నాలుగు వందల ఏళ్ళు గడిచాక ముట్టుకోరాని పవిత్ర భాష అయిపోయింది. దాన్ని సవరించి 1881లో కొత్త నిబంధన తెస్తే జనం ఎగబడి కొన్నారు. అమెరికాలో చికాగో పత్రికలు పుస్తకం మొత్తాన్ని ఒక్కరోజు సంచికలో అచ్చేశాయి. కానీ 1952లో మరో సవరణ వచ్చినప్పుడు అదే అమెరికాలో ఒక పాదిరీ అందులోంచి ఒక పుట చింపి నిప్పంటించాడు. మొదట మనిషిని కాల్చారు, తరువాత కాగితం కాల్చారు. ఆ మేరకు లోకం బాగుపడినట్టే అనుకోవాలి.

నవ్వుకోవడానికి ఒక సంగతి. 1631లో లండనులో అచ్చైన ప్రతుల్లో పది ఆజ్ఞల్లో ఒకదానిలో "వద్దు" అనే మాట జారిపోయి, వ్యభిచారం చేయమన్నట్టు అచ్చయింది. అచ్చువేసినవాళ్ళకు మూడు వందల పౌన్ల జరిమానా పడింది. అచ్చుతప్పులు మన వారపత్రికలకే పరిమితం కాదన్నమాట.

ఇక మన తెలుగు సంగతి. టీచరమ్మగారి నల్ల పుస్తకం వెనక ఎంత కథ ఉందో ఆమెకీ పూర్తిగా తెలియదు. నేను గ్రంథాలయంలో కూర్చుని పోగుచేసుకుని ఆమెకి చెప్పాను.

బైబిలు పుస్తకం కంటే ముందు క్రీస్తు కథే తెలుగులోకి వచ్చింది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ పాదిరీలు పుంగనూరు వైపు నుంచి మన సీమలోకి వచ్చారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి "వేదాంత రసాయనం" అని పద్యకావ్యం రాశాడు. పేరు చూస్తే క్రైస్తవ కావ్యమనుకోము కదా. కాతలిక్కులు దేవుణ్ణి సర్వేశ్వరుడన్నారు, వాళ్ళు జ్ఞానస్నానం అన్నదాన్నే ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అన్నారు. ఒకరు మన మాట కూర్చుకున్నారు, మరొకరు గ్రీకు మాటనే తెచ్చిపెట్టుకున్నారు. ఆ ఒక్క మాట మీద దేశంలో పెద్ద తగవే నడిచింది. ముంచడం అని తర్జుమా చేయాలని బాప్టిస్టులు, వీల్లేదని మిగతావాళ్ళు. బెంగాలీ బైబిలు విషయంలో ఈ పట్టుదల ముదిరి, 1830ల్లో బైబిలు సొసైటీ డబ్బివ్వడం మానేస్తే బాప్టిస్టులు 1840లో వేరే సొసైటీనే పెట్టుకున్నారు.

బైబిలును తెలుగులోకి మొదట మార్చినవాడు బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ. 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకుని ఆ తరువాతి నాలుగైదేళ్ళలో తర్జుమా పూర్తి చేశాడు. పాపం, అచ్చు వేసే యోగం కలగలేదు. తెలుగు అక్షరాలకి పోతపోసిన అచ్చులెక్కడివి ఆనాడు! రాతప్రతి రాతప్రతిగానే ఉండిపోయింది. 1743లో ఆయన స్వదేశం వెళ్ళిపోయి, అక్కడి హాలే పట్టణంలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు జర్మనీలో పుట్టాయంటే వింతగా లేదూ!

తరువాత 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజస్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపారు. వాళ్ళకు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. నా దృష్టిలో అసలు పని ఆయనదే. దొరలకు గ్రీకు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, కానీ తెలుగువాడి చెవికి ఏ మాట ఇంపుగా ఉంటుందో ఆయనకే తెలుసు. ఇలాంటి మున్షీల పేర్లు పుస్తకం అట్ట మీద కనిపించవు. మన ఇళ్ళలో వంట చేసినవాళ్ళ పేరు శుభలేఖలో ఉండనట్టే. క్రాన్ 1809లో, డెగ్రాంజస్ 1810లో పోయారు. వాళ్ళు చేసిన మూడు సువార్తలు శ్రీరాంపూరులో 1812లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చి 11న శ్రీరాంపూరు అచ్చుకూటం కాలిపోయింది. కాగితాలు, రాతప్రతులు, ఎన్నో భాషల అచ్చక్షరాలు బూడిదయ్యాయి. కేరీ దొర, ఆయన తోటివాళ్ళు కరిగిన సీసం పోగుచేసి మళ్ళీ అక్షరాలు పోత పోసుకున్నారు. 1818లో అక్కడి నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఆ దరిదాపుల్లోనే ప్రిచెట్ తర్జుమా మద్రాసులో అచ్చయింది. ఆ శతాబ్దం నడిమికి బైబిలు మొత్తం తెలుగులోకి వచ్చింది. విశాఖపట్నంలో జాన్ హే వంటివాళ్ళు, నెల్లూరు అమెరికన్ మిషన్‌లో జూయెట్ వంటివాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దారు.

మన కడప, గుత్తి ప్రాంతాలకీ ఇందులో పాలుంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర వేమనను వెదికి తీసినవాడని మనకు తెలుసు. బైబిలు తెలుగు మీద కూడా ఆయన చెయ్యి పడింది. మన అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగమే. ఆ బళ్ళారిలో 1810 నుంచీ లండన్ మిషన్ ఉండేది. అందువల్ల మా వైపు పాత కుటుంబాల్లో కన్నడ బైబిలూ తెలుగు బైబిలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ పనంతా ఏ కాలంలో జరిగిందో చూడండి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. అంటే వచనం ఇలా ఉండాలని పండితులు గిరి గీయకముందే బైబిలు వచనం నడక మొదలుపెట్టింది. తరువాత వాళ్ళు దాన్ని మిషనరీ తెలుగని వెక్కిరించారు. అది పూర్తిగా గ్రాంథికమూ కాదు, వాడుకా కాదు. గిడుగు రామమూర్తిగారు 20వ శతాబ్దం మొదట్లో వాడుక భాష కోసం పోరాడారు. ఆయన కోరిన తెలుగు పత్రికల్లోకి వచ్చింది, కథల్లోకి వచ్చింది, రేడియోలోకి వచ్చింది. గుడి, చర్చి పుస్తకాల్లోకి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. వాడుక తెలుగు బైబిళ్ళు 20వ శతాబ్దం చివరి భాగంలోగానీ బాగా చేతికందలేదు.

మళ్ళీ మా అరుగు మీదికి వస్తాను. పాత ఇంగ్లీషులో విధవరాలి పిండి ఉన్నది పీపాలో. ఆదికాండంలో రిబ్కా అనే పిల్ల నీళ్ళు తోడిన పాత్ర మరో మాట, పిచ్చర్. టీచరమ్మగారి తెలుగులో రిబ్కా చేతిలోది కడవ, విధవరాలి ఇంట్లోది తొట్టి. కానీ హీబ్రూ మూలంలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట, "కద్" అని. మట్టి కుండ. కడవకు దగ్గరగా వినిపించినా చుట్టరికమేమీ లేదు, ఊరికే కలిసింది. మనవరాలి కొత్త ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకటే మాట, జాడీ. కాబట్టి పాతదల్లా సరైనదీ కాదు. పీపా అంటే చెక్కలు కూర్చి చేసేది, ఆ బీదరాలి ఇంట్లో అదెక్కడిది?

అయితే తొట్టి అనగానే మా మనసులో మెదిలింది వేరు. మా వైపు తొట్టి అంటే పశువులు నీళ్ళు తాగేది. కరువులో అడుగంటిన తొట్టిని చూడని పిల్ల మా ఊళ్ళో లేదు. పిండి అడుగంటిన కుండను ఆ మాటతో చెబితే కడుపులో దిగులు పుడుతుంది. ఇక నూనె ఉన్నది బుడ్డిలో. మాకు బుడ్డి అంటే కిరసనాయిలు దీపం. మేము వేరుశనగల్ని పిలిచే పేరు బుడ్డలు. బుడ్డలు పండితేనే మా ఇళ్ళలో నూనె, పండకపోతే లేదు. ఆ తర్జుమా చేసిన దొరకు గానీ మున్షీకి గానీ ఇదేదీ మనసులో ఉండి ఉండదు. టీచరమ్మగారికి మాత్రం ఆ మాట వినగానే వాళ్ళ నాన్న చేను కనిపిస్తుందట. ఒక మాట చిన్నప్పటి నుంచీ చెవిలో ఉంటే ఇలాగే అవుతుంది.

అప్పం సంగతీ చెప్పాలి. ఆ విధవరాలు చేసి పెట్టింది తెలుగు బైబిల్లో "అప్పము". కరువులో అప్పాలు చేసుకోవడమేమిటని నాకే అనుమానం వచ్చింది. మనం పండక్కి బెల్లం వేసి వండుకునేవి కదా అవి! పాత తెలుగులో అప్పమంటే ఉత్త రొట్టె కూడా. టీచరమ్మగారు, "పిచ్చిదానా, జొన్నరొట్టె అనుకో" అని తేల్చేశారు.

పాత తెలుగులో మనవరాలికి తట్టుకున్న మాటలు కొన్ని నేను రాసుకున్నాను. సుంకరి అంటే పన్ను వసూలు చేసేవాడు. ఇప్పుడా మాట కొందరి ఇంటిపేరులో మాత్రమే మిగిలింది. నిబంధన అంటే ఒడంబడిక. ఆ పిల్ల మాత్రం పాత నిబంధన, కొత్త నిబంధన అంటే హాస్టలు రూల్సులాంటివి అనుకుందట. రక్షణ అంటే దానికి సైన్యం గుర్తొస్తుంది. చూశారా, ఇంగ్లీషులో "లెట్", "ప్రివెంట్"లకు పట్టిన గతే తెలుగులో వీటికీ పట్టింది.

ఆడవాళ్ళం కనుక ఒక సంగతి మీకు తప్పక చెప్పాలి. బావి దగ్గర సమరయ స్త్రీతో మాట్లాడినప్పుడు, కానా ఊరి పెళ్ళిలో తల్లితో మాట్లాడినప్పుడు యేసు ఉపయోగించిన పిలుపు గ్రీకులో ఒకటే. పాత ఇంగ్లీషువారు దాన్ని "ఉమన్" అన్నారు. కన్నతల్లిని పట్టుకుని ఓ స్త్రీ అన్నట్టుంటుంది. గ్రీకులో అది అమర్యాద కాదు, కానీ ఇంగ్లీషులో చెవికి గరుకుగానే తగులుతుంది. అందుకే 1978లో వచ్చిన ఒక కొత్త తర్జుమా తల్లి దగ్గర "డియర్" అని ముందు చేర్చింది. 2011 సవరణలో మళ్ళీ అది తీసేశారు. వాళ్ళింకా తేల్చుకోలేని ఈ చిక్కును మన తెలుగువాళ్ళు ఎప్పుడో విప్పేశారు. రెండు చోట్లా "అమ్మా" అనేశారు! తల్లినీ అమ్మా అంటాం, దారినపోయే ముక్కూమొహం తెలియని ఆడమనిషినీ అమ్మా అంటాం. ఇంగ్లీషు "షీ" ఒక్కటే కాగా, మన దగ్గర ఆమె, అది అని ఎంత తేడా ఉందో, ఆ రోజుల్లో కులం చూసి ఎవర్ని ఏమనేవారో మీకు చెప్పనక్కర్లేదు. తెలుగు బైబిల్లో ఆ సమరయ స్త్రీ "ఆమె". ఊరి బయట వాడల్లో అది, ఇది అనిపించుకున్న ఆడవాళ్ళు ఈ పుస్తకం విన్నప్పుడు ఆ ఒక్క మాటే ఎంత పని చేసి ఉంటుందో ఆలోచించండి. టీచరమ్మగారి అవ్వ ఈ పుస్తకం చదవడానికే నలభయ్యో ఏట అక్షరాలు దిద్దిందట.

నీవు, మీరు సంగతి కూడా మనవరాలే ఎత్తింది. "పాత ఇంగ్లీషులో దేవుణ్ణి దౌ అంటారు, అది గౌరవం కదా" అంది. కాదు. 1611 నాటికి దౌ అంటే ఒక్కరితో మాట్లాడేటప్పుడు అనే నువ్వు, అంతే. తరువాత మాటల్లో అది పోయి, ప్రార్థనలో మాత్రమే మిగిలింది కాబట్టి గౌరవంగా వినిపించసాగింది. 1952 సవరణ వాళ్ళు మనుషులకు "యూ" పెట్టి, దేవుడికి మాత్రం దౌ ఉంచారు. 1989లో అదీ తీసేశారు. మనకీ తంటాయే లేదు. వెంకన్నను నువ్వంటాం, రాముణ్ణి నువ్వంటాం, బైబిల్లోనూ నీవే. మొగుణ్ణి మీరంటాం, దేవుణ్ణి నువ్వంటాం!

ఇంత చర్చ అయ్యాక ఎవరు గెలిచారని అడుగుతారేమో. ఆ పిల్ల పట్టుదల గలది. అర్థం కానిదాన్ని పెద్దగొంతుతో చదివితే అది చదవడం కాదు, నటించడం అంది. అదీ నిజమే. పెద్దామె, "అర్థం నాకు తెలుసు కదే, నువ్వు గొంతియ్యి చాలు" అంది. అదీ నిజమే. చివరికి నేనొక నోటుబుక్కు తెచ్చాను. టీచరమ్మగారు పాతమాట చెబితే, పక్కన నేను వాడుక తెలుగు రాస్తాను, దాని పక్కన మనవరాలు ఇంగ్లీషు రాస్తుంది. సెలవులైపోయేసరికి నూటపది మాటలయ్యాయి. తరువాత ఆ పిల్ల ఆదివారాలు ఫోనులో అవ్వకు ఒక్కో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. ఒత్తులు దీర్ఘాలు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.

మొన్న ఆదివారం మళ్ళీ ఆ కరువు అధ్యాయమే వచ్చింది. బుడ్డి దగ్గరకొచ్చేసరికి ఫోనులో, "అవ్వా, ఇక్కడ జాడీ అని చదవనా, అందరికీ తెలుస్తుంది?" అని అడిగింది. టీచరమ్మగారు కాసేపు ఆలోచించి, "తొట్టి నీ ఇష్టం, మార్చుకో. బుడ్డి మాత్రం అట్లే ఉండనీ" అన్నారు. అంతలో వీధిలో ట్యాంకరు హారను వినిపించింది. నేను బిందెలు తీసుకుని పరుగెత్తాను.